ఎవరు వేసిన సూది

"గది గూడ తియ్యి వదినా. గా మూలకున్న డబ్బా."

కౌసల్య మేడం చెయ్యి చూపించగానే అండాలు అటక మీదికి చెయ్యి చాపింది. కారప్పొడి డబ్బా, ఉలవల డబ్బా, ముసలమ్మ నొప్పుల నూనె సీసా, పోయిన చలికాలం కొన్న దగ్గు మందు, సగం తాగి మూత బిగించిన బలం టానిక్కు... ఇంట్లో నోట్లోకి పోయే వస్తువంటూ మిగలకుండా వాకిట్లోకి వచ్చి వరసగా కూర్చుంది.

గోడ అవతల పక్కింటి ఆడవాళ్ళు చింతపండు గింజ తీయడం ఆపి మరీ చూస్తున్నారు. చూడనీ. పోయిన నెల ఇదే గోడ మీదుగా మిఠాయి డబ్బాలు అందుకున్నవాళ్ళే కదా, ఇది మాత్రం ఎందుకు వదులుకుంటారు?

కౌసల్య ఒక్కో సీసా ఎత్తి, అట్ట మీది చిన్న అక్షరాలు చదివి పక్కన పెడుతోంది. అక్షరాలు లేనివాటిని వాసన చూస్తోంది. జూడో నేర్పే మనిషి దగ్గు మందు వాసన చూస్తూ కూర్చోవలసిన రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకుని ఉండదు. రామన్నపేటలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, పొద్దున్నే ఈ ఊరికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అరుగు మీద సుస్మిత కూర్చుని ఉంది. యాభై ఏడు కిలోల విభాగంలో జాతీయ ఛాంపియన్. ఎదుటి పిల్లను భుజం మీదుగా ఎత్తి మ్యాట్ మీద వెల్లకిలా పడేస్తే ఒక్క దెబ్బకే ఆట ముగుస్తుంది. పోయిన నెల ఫైనల్లో ఆమె అలాగే ముగించింది. ఊరి బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ ఇంకా ఉంది. అందులో నాయకుల మొహాలు తాంబాళమంత, సుస్మిత మొహం రూపాయి బిళ్ళంత. ఇప్పుడు దాన్ని పీకాలో ఉంచాలో ఎవరికీ తోచడం లేదు.

ఫైనల్ అయిన వెంటనే తీసుకున్న మూత్రంలో స్టెరాయిడ్ దొరికిందని ఈ వారమే ఫోను వచ్చింది. ఆ ఫోను తర్వాత ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నిమ్మళంగా మాట్లాడలేదు.

"డబ్బాలల్ల ఏం దొరుకుతది మేడం?" అండాలు చేతులు దులుపుకుంది. "అసలుది గా కుండల ఉన్నది. మా అత్త పసరు."

గుమ్మంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న నర్సింగమ్మ తల ఎత్తింది. "మల్ల మొదలువెట్టినవా అండాలూ?"

"పెడ్త. పెట్టకేం జేస్త? మల్లన్న పండుగకు పట్నాలేసుకుంటున్నం రమ్మంటే పోరి వచ్చింది. భుజం నొస్తుందన్నది. పొద్దుమాపు గా పసరు తాగవెట్టినవ్. అండ్ల ఏం నూరినవో నీకే తెల్వాలె."

"నీ మొగని చెయ్యి ఇరిగినప్పుడు గదే పసరు తాగిండు. ఇయ్యాల్టికి గూడ పొట్టేలును ఒంటి చేత్తోని ఆపుతడు."

"ఆయనకు ఎవలన్న పతకాలిస్తున్నరా, పరీక్షలు జెయ్యనీకి!"

ఇంకో రోజయితే ఈ మాటకు ఇల్లంతా నవ్వేది. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఫోను వచ్చినప్పటి నుంచి నర్సింగమ్మ అన్నం ముట్టలేదు. ఎవరైనా బలవంతం చేస్తే ఇంత అంబలి. తనే మనుమరాలి నోట్లో మన్ను కొట్టానని ఆమె నమ్మేసింది. కోడలు తిట్టినప్పుడల్లా ఎదురు మాట్లాడుతుంది గానీ, ఆ మాటల్లో పస లేదు.

వాకిలి చివర వేపచెట్టు నీడలో పరశురాములు తాడు పేనుతున్నాడు. పేనిన తాడే విప్పి మళ్ళీ పేనుతున్నాడు. కన్నతల్లికీ కట్టుకున్నదానికీ మధ్య ఇంత జరుగుతుంటే ఒక్క మాట అనడేం ఈ మనిషి అని మీకు అనిపిస్తే, కౌసల్యకూ అదే అనిపించింది.

"అవ్వా, ఆకు పసరుల స్టెరాయిడ్ ఉండదు," అంది కౌసల్య. "గోలీల ఉంటది, సూదిల ఉంటది."

"ఉండనే ఉండదని రాసిస్తవా మేడం?" అండాలు వదల్లేదు.

కౌసల్య తడబడింది. "గట్ల రాసియ్యలేను వదినా. కుండల మిగిలింది పరీక్షకు పంపుత."

"ఇన్నవా అత్తా? రాసియ్యలేదట."

"అమ్మా, ఊకో," అంది సుస్మిత. కౌసల్య ఎన్నిసార్లు అడిగినా, పొద్దుటి నుంచి ఆమె మాట్లాడింది ఇదే.

కౌసల్య సీసాలు వదిలేసి అందరి వైపూ తిరిగింది. "జర నా మాట ఇనున్రి. రేపు పొద్దుగాల పదింటికి విచారణ. ఫోన్లనే. ముగ్గురు కూసుంటరు, అడుగుతరు. గది ఒంట్లకు ఎట్ల వచ్చిందో మనం చెప్పాలె. తెల్వకుంట పోయిందని తేలితే కొన్ని నెలలతోని వదిలేస్తరు. ఎట్ల వచ్చిందో మాకు తెల్వదంటే రెండేండ్లు. తెలిసే తీసుకున్నదంటే నాలుగేండ్లు."

"నాలుగేండ్లా!" అండాలు కూలబడింది.

"నాలుగేండ్లయినంక మ్యాట్ ఎక్కి ఏం జేస్తది వదినా? దీని ఈడు పిల్లలు అప్పటికి ఆట బంద్ చేసి పిల్లలకు నేర్పిస్తుంటరు. ఆసియా పోటీలకు పేరు రాసిన్రు. గది గూడ పోతది. అందుకే అడుగుతున్న. పట్నాలకు ఇంటికొచ్చిన గా మూడు దినాలల్ల ఏం తిన్నది, ఏం తాగింది, సూది ఎవలేసిన్రు?"

"సూది రఘుపతి ఇచ్చిండని చెప్పిన గదా మేడం," పరశురాములు తాడు మీంచి చూపు ఎత్తకుండా అన్నాడు.

"అందుకే ఆయనను గూడ రమ్మన్న అన్నా. ఏం సూదో ఆయన నోటితోని ఇందాం."

పరశురాములు చేతిలో తాడు ఆగిపోయింది. కానీ ఆ సమయంలో ఎవరూ అటు చూడలేదు, ఎందుకంటే వీధిలో బండి ఆగిన చప్పుడైంది.

రఘుపతి ఊళ్ళో జ్వరాలకు గోలీలిచ్చే డాక్టరు. డాక్టరని ఊరు అంటుంది, ఆయన కాదనడు. చేతి సంచీ బండికే వదిలి, చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. వాకిట్లో సీసాల వరస చూసి నవ్వబోయి, మొహాలు చూసి మానుకున్నాడు.

"ఏమైంది మేడం? అర్జెంటని ఫోన్ జేసిన్రు."

"పోయిన నెల మా సుస్మిత భుజానికి సూది ఇచ్చిన్రు గదా. గది ఏం మందో పేరు కావాలె."

"నేనా? ఏ దినం?"

"పట్నాలేసిన తెల్లారి," అంది అండాలు.

రఘుపతికి ఆలోచించవలసిన పని కూడా పడలేదు. "గా దినం నేను ఊర్లనే లేను గద అక్కా. మా మనుమనికి పుట్టెంటికలు తీసినం, గుట్ట మీద. ఇంటికి తాళమేసి అందరం పోయినం. మర్నాడు మీ ఇంటికి లడ్డు ప్రసాదం గూడ పంపిన."

"అవును... పంపిన్రు." అండాలు మొగుడి వైపు చూసింది.

"అన్నా?" అంది కౌసల్య.

"దినం నాకు యాదికి లేదు. అంతకు ముందు దినమేమో."

"ముందు దినం పట్నాలు!" అండాలు గొంతు లేచింది. "ఒగ్గోల్లు కథ చెప్తుండ్రు, ఇంటినిండ చుట్టాలు. గప్పుడు సూదేంది?"

"మరి ఎప్పుడో. నాకేమెరుక?"

"నాకు గూడ ఎరుక లేదు, పరశన్నా," రఘుపతి మర్యాద తప్పకుండానే అన్నాడు. "కానీ నా పేరు ఎందుకు ఎల్లింది?"

పరశురాములు తాడు మళ్ళీ విప్పసాగాడు. గోడ అవతల గుసగుసలు కూడా ఆగాయి. ఆ వాడలో అది అరుదు.

నర్సింగమ్మ గోడ పట్టుకుని లేచింది. లోపలికి పోయి, మల్లన్న గూటిలోంచి చిన్న ఇత్తడి గిన్నె తెచ్చి, వాకిలి నడుమ పీట మీద పెట్టింది. అందులో ఉన్నది పసుపే. కానీ ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పసుపు అనరు. బండారి అంటారు. మల్లన్న కొలుపుకు పట్నం ముగ్గు వేసినప్పుడు చల్లే బండారి. దాన్ని ముట్టి అబద్ధమాడినవాడి మంద ఏడాది తిరిగేలోగా చెదిరిపోతుందని గొర్లకాపరి ఇళ్ళలో చంటిపిల్లకు కూడా తెలుసు. కోర్టులో ప్రమాణానికి జంకనివాడు కూడా దీని ముందు జంకుతాడు.

"అవ్వా, గిప్పుడు గివన్ని ఎందుకు?" అంది కౌసల్య.

"నాకు కావాలె మేడం. నీ పరీక్ష ఎప్పుడొస్తదో. నా పరీక్ష గిది." ముసలమ్మ గిన్నెలో వేళ్ళు ముంచి నుదుట పెట్టుకుంది. "నా పసరుల నల్లేరు ఉన్నది, వాయిలాకు ఉన్నది, ఉప్పు ఉన్నది. ఇంకేమన్న కలిపితే నా కండ్లు పోవాలె. రా అండాలూ, నువ్వు ముట్టు."

అండాలు ముట్టింది. "అన్నం, కూర తప్ప నా చేత్తోని ఏం పెట్టలే."

"నేను గూడ ముట్టాల్నా?" రఘుపతి అడిగాడు.

"నీ పేరు ఎల్లింది గదా బిడ్డా."

ఆయన వేలి కొసతో ముట్టాడు. "నేను సూది ఎయ్యలే."

ముసలమ్మ గిన్నె తీసుకుని వేపచెట్టు దగ్గరికి నడిచింది. కొడుకు ముందు కూర్చుంది.

"ముట్టు కొడుకా."

పరశురాములు గిన్నె వైపు చూశాడు. చెయ్యి తాడు మీంచి కదల్లేదు.

"ముట్టు. నాకేం తెల్వదని ఒక్క మాట జెప్పు. ఇగ నేను గూడ ఫికర్ వదిలి ఇంత తింట."

"అమ్మా, దాన్ని లోపల పెట్టు."

"ఎందుకు పెట్టాలె?"

"నేనేసిన."

"ఏమేసినవ్?"

"సూది. నేనే ఏసిన." అతను తాడు కింద పెట్టాడు. "గొర్ల సూది."

రఘుపతి కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఊళ్ళో గొర్రెకు సూది వెయ్యాలంటే పరశురాములునే పిలుస్తారు. పశువుల దవాఖాన దూరం, అతని చెయ్యి దగ్గర. తండ్రి నేర్పిన విద్య కాదు, చూసి చూసి పట్టుకున్నది. మందలో ఏ జీవం కుంటినా భుజాన మందుల సంచీ వేసుకుని పోతాడు.

"పొద్దు మునిగే యాళ్ళ," అన్నాడు. "భుజం వాసి చెయ్యి లేస్తలేదు. దవాఖానకు పోదామంటే వద్దన్నది. మేడంకు తెలిస్తే ఆడనియ్యదు, నా జాగల ఇంకోదాన్ని పంపుతరు అన్నది. రఘుపతి ఇంటికి ఉరికిన. తాళమున్నది. వాపస్ వచ్చేసరికి బిడ్డ గోడకు ఒరిగి పండ్లు కొరుకుతాంది. నాకు చేతులాడలే. పోయినేడు మన ఎర్ర పొట్టేలు కాలు వాసి పడిపోతే గా మందుతోనే లేచి నడిచింది. గది కండ్లల్ల మెదిలింది."

"ఎంత ఎక్కించినవ్?" రఘుపతి నెమ్మదిగా అడిగాడు.

"పొట్టేలుకు ఎంతనో గంత. అది యాభై కిలోలు. బిడ్డ ఏడు కిలోలు ఎక్కువనే గదా అనుకున్న."

"ఏం సూది అని పోరి అడగలేదా?" కౌసల్య ఒక అడుగు ముందుకు వేసింది.

"అడిగింది. రఘుపతి ఇచ్చిండన్న. గొర్లదంటే ఏసుకోదని."

అప్పుడు విరుచుకుపడింది అండాలు. "థూ! ఇన్ని దినాల సంది నీ కన్నతల్లిని నేను నోటికొచ్చినట్టు తిడ్తాంటే, తాడు పేనుకుంట కూసున్నవా? ముసల్ది పస్తులుంటే నీకు ముద్ద ఎట్ల దిగిందయ్యా?" చేతికందిన ఉలవల డబ్బా విసిరింది. అది వేపచెట్టుకు తగిలి పగిలి, ఉలవలు వాకిలంతా చిందాయి. పరశురాములు పక్కకు తప్పుకోలేదు.

అలాంటివాణ్ణి ఏమనాలి? నన్నడిగితే ఆ డబ్బా తలకే తగిలినా తప్పు లేదంటాను. నర్సింగమ్మ మాత్రం బండారి గిన్నె మీద కొంగు కప్పి లేచింది.

"ఆకలైతాంది అండాలూ. ఇంత బువ్వ పెట్టు," అంది.

ఈ లోపల కౌసల్య పరశురాములు పక్కన గొంతుక్కూర్చుంది. ఆమె మొహంలో కోపం లేదు. వింతగా, వెలుగు ఉంది.

"సీసా ఉన్నదా అన్నా?"

"సంచిల ఉన్నది."

సీసా తెప్పించి, అట్ట మీది పేరు చదివి, ఫోనులో ఫోటో తీసుకుంది. "గిదే. గీ పేరే రిపోర్టుల ఉన్నది. అన్నా, నువ్వు ఏసింది పాపమే గానీ, ఒప్పుకున్నది పుణ్యం. బిడ్డ అడిగింది, తండ్రి అబద్ధం చెప్పిండు, బిడ్డ నమ్మింది. ఇంతకన్న ఏం గావాలె మనకు? రేపు ఫోను ముంగట గీ మాటలే చెప్పు. సిగ్గుపడకు."

"చెప్త మేడం. ఎంతమంది ముంగటనన్న చెప్త."

"నేను గూడ చెప్త, ఊర్ల లేనని," అన్నాడు రఘుపతి. పేరు బయటపడ్డందుకు వచ్చిన కోపం ఆయనకు అప్పటికే సగం పోయింది. మంచివాళ్ళ కోపం అంతే.

ఇల్లు తేలికపడింది. అండాలు తిడుతూనే పొయ్యి ముట్టించింది. ముసలమ్మ ముందు కంచం పెట్టి, అడగకుండానే ఇంకో ముద్ద అన్నం వడ్డించింది. కోడలు అత్తకు చెప్పిన క్షమాపణ అదే, అత్తకు అర్థమైంది కూడా. కౌసల్య ఎట్టకేలకు చెంబెడు నీళ్ళు తాగింది. రఘుపతి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. గోడ అవతలివాళ్ళు ఈ వార్తను వాడ చివరికి మోసుకుపోయారు.

అరుగు మీద సుస్మిత లేదని తండ్రి తప్ప ఎవరూ చూసుకోలేదు.

ఇంటి వెనక గొర్ల దొడ్డి దగ్గర దొరికింది ఆమె. మంద అప్పుడే మేత నుంచి మళ్ళి వచ్చింది. పిల్లలు తల్లుల పొదుగులు కుమ్ముతున్నాయి. సుస్మిత తడిక పట్టుకుని నిలబడి ఉంది.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"రాలే."

"మీ అమ్మ తిట్టింది. నువ్వు గూడ తిట్టు. నాకు మంచిగనిపిస్తది."

"తిట్టనీకి నోరు వస్తలేదు బాపూ."

అతను కూడా వచ్చి తడిక పట్టుకున్నాడు.

"గా దినం నేను ఏమడిగిన?" అంది సుస్మిత.

"ఏం సూది అని."

"నువ్వేమన్నవ్?"

"ఎన్నిసార్లు చెప్పిస్తవ్ బిడ్డా? రఘుపతి ఇచ్చిండన్న."

"నువ్వు మందుల సంచి తీసుడు నేను దర్వాజల నుంచి సూసిన."

పరశురాములు ఆమె వైపు తిరిగాడు.

"సంచిలకెల్లి సీసా తీసినవ్. సూదికి ఎక్కిచ్చినవ్. నేను ఎనుకకు వచ్చి మంచంల కూసున్న. నువ్వొచ్చినంక ఏం సూది బాపూ అని అడిగిన. నువ్వు చెప్పింది నేను నమ్మలే. నమ్మినట్టు జేసిన." ఆమె ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు చెప్పుకుంటూ పోయింది. "పేరు తెల్వని సూది ఏపిచ్చుకోవద్దని మేడం మాకు చెప్పని దినం లేదు. సూది అంటే ముందుగాల అడుగున్రి అంటది. అందుకే అడిగిన. రేపు ఎవలన్న అడిగితే, అడిగిన అని చెప్పనీకి అడిగిన. గోడ దిక్కు మొకం తిప్పి చెయ్యి చాపిన."

ఒక గొర్రెపిల్ల వచ్చి తండ్రి కాలి మీద నిలబడింది. దాన్ని జరపను కూడా లేదు.

"ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు. నువ్వు ఒప్పుకోకుంటే గా బండారి నా దాంక వచ్చేది. గప్పుడు తెలిసేది అందరికి."

"రాలే గదా." అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇగ రాదు. తప్పు నాది. సూది నాది, అబద్ధం నాది. నేను మోస్త బిడ్డా. నువ్వు రేపు తెల్వదను. ఒక్క మాట. కొన్ని నెలలల్ల మల్ల ఆడుతవ్."

"నువ్వు మోస్తవ్, నాకు తెల్సు. ఊరు ఏమంటది? పరశురాములు బిడ్డ కొంప ముంచిండంటది. నువ్వు సచ్చేదాంక అంటది. ఇగ ఎవలన్న నీతోని గొర్రెకు సూది ఏపిచ్చుకుంటరా?"

"ఏపిచ్చుకోకుంటే పాయె! నాకేమన్న పతకాలిస్తుండ్రా గొర్లకు సూదులేస్తే?"

పొద్దున తల్లి అన్న మాటే తండ్రి నోట విని, ఆ పిల్లకు నవ్వు వచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఈపారి పతకం నీ మెడల ఎయ్యలే. యాదికి ఉన్నదా?"

ఉంది. ఎందుకు ఉండదు? ఏ పోటీ నుంచి వచ్చినా ఆమె నేరుగా దొడ్డిలోకి వచ్చి తండ్రి మెడలో పతకం వేసేది. అతను అది వేసుకునే గొర్రెలకు నీళ్ళు పెట్టేవాడు. ఈసారి పతకం సంచిలోనే ఉండిపోయింది. అలసిపోయి మరిచిందని అతను సర్దుకున్నాడు గానీ, ఆ రాత్రి మనసు చివుక్కుమన్న మాట నిజం.

"మరువలే బాపూ. తియ్యబుద్ధి కాలే. ఫైనల్ల గా పిల్లను ఎత్తేసినంక అందరు సప్పట్లు కొడ్తుండ్రు. నా భుజం జర గూడ నొస్తలేదు. నొస్తలేదని ఏడుపొచ్చింది. గా పిల్ల లేచి, నా చెయ్యి వట్టుకుని, మంచిగ ఆడినవ్ అక్కా అన్నది."

ఆమె తడిక మీద తల పెట్టుకుంది. పరశురాములు చెయ్యి ఎత్తి కూతురి తల మీద వేశాడు, బరువుగా, తీయడం తెలియనట్టు.

"ఏం జెప్పాల్నో నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు. "గొర్లకైతే ఏం చెప్పేదుండదు."

"సుస్మితా!" ఇంట్లోంచి అండాలు కేక వేసింది. ఆ కేకలో చాలా రోజులకు హుషారు ఉంది. "మేడం పిలుస్తాంది! రేపటికి ఒక్కపారి చెప్పుకుందాం రమ్మంటాంది!"

సుస్మిత చొక్కా చేతులతో మొహం తుడుచుకుని వెళ్ళింది.

కౌసల్య అరుగు మీద చెంబుకు ఆనించి ఫోను నిలబెట్టింది. ఎదురుగా సుస్మితను కూర్చోబెట్టింది. జడ సరిచేసి, మెడ నిటారుగా పెట్టమంది. పోటీకి ముందు ఎట్లా చేసేదో అట్లాగే. గుమ్మంలో ముసలమ్మ కంచంతో కూర్చుని ఉంది. అండాలు గరిటె చేత పట్టుకునే బయటికి వచ్చింది.

"నేను అడిగేటోన్ని అనుకో," అంది కౌసల్య. గొంతు మార్చింది. "భుజానికి సూది ఎవరు వేశారు?"

"మా బాపు."

"ఏం సూది అని అడిగావా?"

"అడిగిన."

"ఆయన ఏమన్నారు?"

"రఘుపతి డాక్టరు ఇచ్చిండన్నడు."

"శభాష్. గిట్లనే. భయపడకుంట, కండ్లల్లకు సూసి." కౌసల్య మళ్ళీ గొంతు సవరించుకుంది. "ఆ సూది ఏమిటో నీకు తెలుసా?"

సుస్మిత ఫోను వైపు చూడలేదు. కౌసల్య కళ్ళలోకే చూసింది.

"తెల్సు మేడం."

ముసలమ్మ చేతిలో ముద్ద నోటి దాకా పోలేదు.

కౌసల్య కదల్లేదు. స్కూలు మైదానంలో చెప్పులు లేకుండా ఉరుకుతున్న పిల్లను చూసి, ఇంటికొచ్చి తండ్రిని ఒప్పించి, హాస్టల్లో చేర్పించి, పడటం నేర్పి, లేవడం నేర్పిన మనిషి ఆమె. తనకు పిల్లలు లేరు. ఈ పిల్ల ఆసియా పోటీల్లో నిలబడిన రోజు తను కూడా నిలబడినట్టేనని మనసులో అనుకోని రోజు లేదు. మందుల సంగతిలో శిష్యులు చిన్న తప్పు చేసినా ఇంటికి పంపేసిన మనిషి కూడా ఆమే.

"నాకు ఇనబడలే," అంది. ఆ గొంతు అడిగేవాళ్ళది కాదు, ఆమెదే. "గొర్లు లొల్లి జేస్తున్నయి. మల్ల అడుగుత. జర సోంచాయించి చెప్పు."

"మేడం..."

"సూది ఏందో నీకు తెల్సా, తెల్వదా?"

"తెల్వదను బిడ్డా," అండాలు గరిటె గుండెకు హత్తుకుంది. "నీకేం తెల్సు? నీకేం తెల్వదు. గట్లనే అను."

సుస్మిత పెదవులు కదిలాయి. మాట రాకముందే వెనక నుంచి అడుగుల చప్పుడైంది. దొడ్డి తడిక కట్టి వచ్చిన పరశురాములు వాకిట్లో చిందిన ఉలవల నడుమ నిలబడ్డాడు.

"గొర్లు లొల్లి జేస్తలేవు మేడం," అన్నాడు. "నాకు ఇనబడ్డది."